సెంటీమీటరు రాయని దేశం

ఆస్ట్రేలియాలో ఇల్లు కట్టే ప్లాను ఒకటి ముందేసుకుని చూడండి. గోడ దగ్గర 2400 అని ఉంటుంది. తలుపు దగ్గర 820 అని ఉంటుంది. పక్కన ఏ గుర్తూ ఉండదు. ఇవి మిల్లీమీటర్లా, అంగుళాలా అని అడిగేవాళ్లూ ఉండరు. నేల మట్టం చూపించే చోట మాత్రం 12.350 అని రాస్తారు. అది మీటర్లు. చుక్క లేకపోతే మిల్లీమీటరు, చుక్క తర్వాత మూడంకెలుంటే మీటరు. అంకె వాలకం చూడగానే దాని కొలమానం తెలిసిపోతుంది.

మన దగ్గర క్యాడ్ నేర్చుకునే కుర్రాళ్లు ఘనపరిమాణం దగ్గరికి వచ్చేసరికి అడిగే ప్రశ్న వేరే ఉంటుంది: మీటరు గుర్తు మీద చిన్న 3 ఎలా పెట్టాలి? ఆటోక్యాడ్‌లో డిగ్రీ గుర్తుకీ, వ్యాసం గుర్తుకీ, ప్లస్ మైనస్ గుర్తుకీ రెండు పర్సెంట్‌లు కొట్టి ఒక అక్షరం కొడితే చాలు. ఘనానికి ఆ సుఖం లేదు. యూనికోడ్ నంబరు కొట్టాలి, లేదా ఎంటెక్స్ట్‌లో 3 రాసి పైకెత్తాలి. ఆ ఫైలు వేరేవాళ్ల సిస్టమ్‌లో తెరిచినప్పుడు, పాత ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంటులో ఆ అక్షరం లేదనుకోండి, 3 పోయి ప్రశ్నార్థకం మిగులుతుంది. విసుగెత్తి మామూలు 3 పక్కన పెట్టేస్తే మెకానికల్ డ్రాయింగులు చదివేవాళ్లకి అది 3 మిల్లీమీటర్ల స్క్రూ. ఈ తంటాలు నిజమే. అయితే ఆ 3 ఎలా పెట్టాలన్నదానికి ముందు, అసలు అక్కడ పెట్టాల్సిన అవసరం ఎందుకొచ్చిందని అడగాలి. ఆ ప్రశ్నకి సగం జవాబు ఆస్ట్రేలియావాళ్లు యాభై ఏళ్ల కిందటే ఇచ్చేశారు. అప్పటికి ఆటోక్యాడ్ పుట్టనేలేదు.

1970లో అక్కడి పార్లమెంటు మెట్రిక్ మార్పిడి చట్టం చేసి, ఆ పని నడిపించడానికి ఒక బోర్డు వేసింది. నిర్మాణ రంగం రెండేళ్లలో, 1976 జనవరికల్లా మార్పు ముగించింది. అంతకు చాలా ముందే డిజైను మొదలైన భవనాలకు మాత్రం మినహాయింపు. పెద్ద రంగాల్లో అందరికంటే ముందు ఒడ్డెక్కింది అదే. దానికి వెన్నెముక 1974లో వచ్చిన ఏఎస్ 1155 అనే ప్రమాణ పత్రం. అందులోని కట్టడి చిన్నది, మొండిది. పొడవులకు మీటరు, మిల్లీమీటరు, అవసరమైన చోట కిలోమీటరు. సెంటీమీటరు వాడకూడదు. లెక్కలో రానివ్వకూడదు, కాగితం మీద రాయకూడదు.

ఇది వాళ్ల సొంత బుర్రలోంచి ఊడిపడిన ఆలోచనేం కాదు. బ్రిటన్‌వాళ్ల అనుభవాన్నీ, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థలో అప్పటికే జరిగిన నిర్ణయాన్నీ చూసి తీసుకున్నారు. వెనకున్న తర్కం ఏమిటంటే, కట్టుబడి పనిలో ఒక మిల్లీమీటరు కంటే సన్నని తేడా పట్టించుకునే సందర్భాలు అరుదు. కాబట్టి మిల్లీమీటర్లలో రాస్తే దశాంశ బిందువు అవసరమే రాదు. చుక్క లేకపోతే అది చెరిగిపోయే ప్రమాదమూ లేదు, జిరాక్సులో కనపడకుండా పోయే ప్రమాదమూ లేదు. పాట్ నాటిన్ అనే ఆస్ట్రేలియా రచయిత తర్వాతి రోజుల్లో ఇదే విషయం మీద ఊరూరా చెప్పుకుంటూ తిరిగాడు. మిల్లీమీటరు ఎంచుకున్న రంగాలు ఏడాది రెండేళ్లలో మారిపోయాయనీ, సెంటీమీటరు ఎంచుకున్న బట్టల రంగం లాంటివి దశాబ్దాలు ఈడ్చుకున్నాయనీ ఆయన వాదన. నాకు అది పూర్తిగా మింగుడుపడదు. బట్టలు కుట్టేవాళ్లు నెమ్మదిగా మారడానికి వేరే కారణాలూ ఉండి ఉండొచ్చు. కానీ మధ్యలో ఒక మెట్టు తీసేయడం వల్ల వచ్చే లాభం మాత్రం ఘనపరిమాణం లెక్కలోకి దిగితే కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఒక పునాది గుంట తీసుకుందాం. ఫుటింగు 1500 పొడవు, 1500 వెడల్పు, 450 లోతు. మూడూ గుణిస్తే 1,01,25,00,000 వస్తుంది. నూటొక్క కోటి పాతిక లక్షల ఘనపు మిల్లీమీటర్లు. వినడానికి బడ్జెట్ కేటాయింపులా ఉంది గానీ, కుడి నుంచి తొమ్మిది స్థానాలు లెక్కపెట్టి చుక్క పెడితే 1.0125 ఘనపు మీటర్లు. కాలిక్యులేటర్ అక్కర్లేదు. పొడవుల్లో మిల్లీమీటరు నుంచి మీటరుకి మూడు స్థానాలు, విస్తీర్ణంలో ఆరు, ఘనపరిమాణంలో తొమ్మిది. మధ్యలో సెంటీమీటరుని రానిస్తే ఈ వరుసలోకి రెండు, నాలుగు, ఆరు చొరబడతాయి. అప్పుడు ఆరు స్థానాలు జరపడమంటే విస్తీర్ణం మిల్లీమీటర్లలోదా, ఘనపరిమాణం సెంటీమీటర్లలోదా అన్న తికమక మొదలవుతుంది. పొడవులో పది రెట్ల పొరపాటు ఎవరికైనా కనపడుతుంది. ఘనంలో అదే పొరపాటు వెయ్యి రెట్లవుతుంది, కానీ సున్నాల గుంపులో కలిసిపోయి కనపడకుండా దాక్కుంటుంది.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. కంప్యూటరుకి కొలమానం తెలుసని మనం అనుకుంటాం. ఆటోక్యాడ్‌కి తెలిసింది అంకె మాత్రమే. 1982 చివర్లో బయటికొచ్చిన నాటి నుంచీ దాని స్వభావం అదే. 1500 అని గీత గీస్తే అది 1500 యూనిట్లు. ఆ యూనిట్ మిల్లీమీటరా, గజమా అన్నది గీసేవాడి మనసులో ఉంటుంది. ఇన్స్‌యూనిట్స్ అనే సెట్టింగు ఒకటి ఉంది. అందులో 1 అంటే అంగుళం, 2 అంటే అడుగు, 4 అంటే మిల్లీమీటరు, 6 అంటే మీటరు, 0 అంటే ఏదీ కాదు. అది ప్రధానంగా ఒక ఫైల్లోని బొమ్మని ఇంకో ఫైల్లోకి తెచ్చేటప్పుడు సైజు సరిచేయడానికి పనికొస్తుంది. అప్పటికే గీసి ఉన్నదాన్ని అది ముట్టుకోదు. మిల్లీమీటర్లలో గీసిన ఫైలుకి అంగుళం అని లేబుల్ తగిలిస్తే నోరెత్తకుండా తగిలించుకుంటుంది.

మన ఫుటింగుని త్రీడీ సాలిడ్‌గా గీసి మాస్‌ప్రాప్ అని కమాండ్ ఇస్తే ఒక చిట్టా వస్తుంది. అందులో ఘనపరిమాణం ఉంటుంది, దాని పైనే ద్రవ్యరాశి ఉంటుంది, రెండూ ఒకటే అంకె. సాంద్రత 1 అనుకుని లెక్కేస్తుంది కాబట్టి. కాంక్రీటు బరువు తెలిసిందని సంబరపడితే అంతే సంగతులు. ఇక ఆ ఘనపరిమాణాన్ని షీటు మీద చూపించడానికి ఫీల్డ్ పెడతాం. అందులో అదనపు ఫార్మాట్ అన్న చోట గుణకం అడుగుతుంది, వెనక తగిలించాల్సిన అక్షరాలు అడుగుతుంది. గుణకం దగ్గర 0.000000001 కొట్టి, వెనక ఘనపు మీటరు గుర్తు తగిలిస్తాం. ఇక్కడే కాస్త ఆగాలి. ఆ గుర్తుకీ ఆ గుణకానికీ మధ్య ఏ సంబంధమూ లేదు. సున్నాల్లో ఒకటి తక్కువ కొట్టినా గుర్తు అక్కడే ఉంటుంది. గుర్తు బదులు మామిడిపళ్లు అని రాసినా సాఫ్ట్‌వేర్ 1.0125 మామిడిపళ్లు అని చూపిస్తుంది. చదివేవాడు మాత్రం కంప్యూటరు ఇచ్చిన కొలమానం కదా అని నమ్ముతాడు. చిన్న 3 పైకెత్తడానికి పడ్డ కష్టంలో పదోవంతు ఆ సున్నాలు లెక్కపెట్టడానికి పడితే చాలు.

అమెరికాలో ఇదే ఫుటింగు కథ వేరు. అక్కడ భవనాల డ్రాయింగులో ఒక యూనిట్ అంటే ఒక అంగుళం. 5 అడుగులు, 5 అడుగులు, అడుగున్నర లోతు. కంప్యూటరు లోపల అది 60, 60, 18. గుణిస్తే 64,800 ఘనపు అంగుళాలు. దాన్ని 1,728తో భాగిస్తే 37.5 ఘనపు అడుగులు. కాంక్రీటు అక్కడ ఘనపు గజాల్లో కొంటారు కాబట్టి మళ్లీ 27తో భాగించాలి: 1.39. నేరుగా పోవాలంటే 46,656తో భాగించాలి. ఈ అంకె నోటికొచ్చిన ఎస్టిమేటర్లు అక్కడ ఉంటారు, మనవాళ్లకి ఎక్కాలు వచ్చినట్టు. అక్కడితో అయిపోలేదు. కలప బోర్డు అడుగుల్లో, అంటే 144 ఘనపు అంగుళాలు ఒకటి. నీళ్ల ట్యాంకు గ్యాలన్లలో, గ్యాలను అంటే 231 ఘనపు అంగుళాలు. సాగునీరు ఎకరా అడుగుల్లో. చమురు పీపాల్లో, పీపాకి 42 గ్యాలన్లు. చాలదన్నట్టు అడుగులు కూడా రెండు రకాలుండేవి. సర్వేవాళ్ల అడుగుకీ మామూలు అడుగుకీ తేడా పది లక్షల్లో రెండు వంతులు. 2022 ఆఖరుకి గానీ సర్వే అడుగుకి అధికారికంగా సెలవివ్వలేదు.

వాళ్లూ ప్రయత్నించకపోలేదు. 1975లోనే మెట్రిక్ చట్టం చేశారు. 1991లో అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చాక రాష్ట్రాల రోడ్ల శాఖలు తొంభైల్లో డ్రాయింగులు మెట్రిక్‌లోకి మార్చడం మొదలుపెట్టాయి. 1998 చట్టం ఆ నిర్బంధాన్ని ఎత్తేసింది. ఎత్తేయగానే శాఖలు ఒకదాని వెంట ఒకటి అడుగుల్లోకి తిరిగి వచ్చేశాయి. మార్చడానికి ఒకసారి, వెనక్కి రావడానికి ఇంకోసారి ఖర్చు. ఆస్ట్రేలియాలో తేదీ పెట్టుకుని అందరూ ఒకేసారి దూకారు. అమెరికాలో రోడ్ల శాఖ దూకింది, కాంట్రాక్టరు గట్టు మీదే నిలబడ్డాడు.

అయినా అమెరికావాళ్లని చూసి నవ్వడం తేలిక, ఒక మాట ఒప్పుకోవాలి. వాళ్ల పద్ధతి కష్టమైనదే కానీ అందరిదీ అదే. ఆర్కిటెక్టు అడుగుల్లో గీస్తాడు, మేస్త్రీ అడుగుల టేపు పట్టుకుంటాడు, కాంక్రీటు ప్లాంటువాడు గజాల్లో బిల్లేస్తాడు. గొలుసు చివరిదాకా ఒకే భాష. ఆ గొలుసు బలం ఎంతంటే, ప్రపంచమంతా వాడే రెవిట్ సాఫ్ట్‌వేర్ పొడవుల్ని లోపల అడుగుల్లోనే దాచుకుంటుంది. అది మసాచుసెట్స్‌లో పుట్టిన ప్రోగ్రామ్, 2002లో ఆటోడెస్క్ కొనుక్కుంది. సిడ్నీలో ఎవరో మిల్లీమీటర్లలో మోడల్ చేస్తుంటే తెర వెనక అది అడుగుల్లోకి మారి కూర్చుంటుంది, చూపించేటప్పుడు మళ్లీ మిల్లీమీటర్లవుతుంది. మామూలుగా వాడేవాళ్లకి ఇది ఎప్పటికీ తెలియదు. కోడ్ రాసి ఘనపరిమాణం బయటికి లాగేవాళ్లకి మాత్రం ఒక ఘనపు మీటరు 35.31గా ప్రత్యక్షమై కాసేపు మతిపోగొడుతుంది.

త్రీడీ ప్రింటింగ్‌లో వాడే ఎస్‌టీఎల్ ఫైళ్లది ఇంకా విచిత్రం. 1987 నాటి ఆ ఫార్మాట్‌లో కొలమానం రాసుకునే చోటే లేదు. అంగుళాల్లో చేసిన వస్తువుని మిల్లీమీటర్లనుకుని చదివితే పొడవు 25.4 రెట్లు తగ్గుతుంది, ఘనపరిమాణం 16,387 రెట్లు తగ్గుతుంది. పిడికిలంత బొమ్మ ఆవగింజ అవుతుంది. అక్కడ కనీసం తప్పు ప్రింటు కాగానే బయటపడుతుంది. కట్టడాల్లో అలా కాదు, తప్పు బిల్లు వచ్చాక బయటపడుతుంది.

ఇక మన సంగతి. చట్టం ప్రకారం మనం ఆస్ట్రేలియా కంటే ముందు మెట్రిక్ అయినవాళ్లం. 1956లో చట్టం చేశాం, 1958 నుంచి అమల్లోకి తెచ్చాం. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఒక డ్రాయింగ్ ఆఫీసుకి వెళ్తే ఆస్ట్రేలియా పని చేసే బల్ల మీద మిల్లీమీటర్ల టెంప్లేట్, అమెరికా పని చేసే బల్ల మీద అంగుళాల టెంప్లేట్ కనిపిస్తాయి. మన పిల్లలు ఆ రెండిట్లోనూ దిట్టలు. ఇబ్బందల్లా మూడో బల్ల దగ్గర, మన ఊరి ఇల్లు గీసే బల్ల. షీటు కింద నోట్సులో అన్ని కొలతలూ మిల్లీమీటర్లలో అని రాసి ఉంటుంది. అదే షీటులో బెడ్‌రూమ్ మధ్యలో 12 అడుగులు ఇంటూ 10 అడుగులు అని ఉంటుంది. స్థలం చదరపు గజాల్లో. స్లాబు మందం స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్కలో 125, మేస్త్రీ నోట అయిదంగుళాలు. మేస్త్రీ టేపుకి ఒక అంచున అంగుళాలు, ఇంకో అంచున సెంటీమీటర్లు. డ్రాయింగు మాట్లాడే మిల్లీమీటరు అంకె ఏ అంచు మీదా అచ్చయి ఉండదు.

ప్రభుత్వ పనుల్లో దీనికో కట్టుదిట్టం ఉంది. ఐఎస్ 1200 అనే భారత ప్రమాణం ప్రకారం ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) కొలతలు మీటర్లలో, రెండు దశాంశాల దాకా రాయాలి. ఘనపరిమాణమూ రెండు దశాంశాలే. స్లాబు మందానికి మాత్రం 0.005 మీటరు దాకా చూడమంటుంది. ఆ చిన్న మినహాయింపు ఎందుకో చూడండి. 0.125ని రెండు దశాంశాలకు సర్దితే 0.13 అవుతుంది. వంద చదరపు మీటర్ల స్లాబుకి పన్నెండున్నర ఘనపు మీటర్ల కాంక్రీటు కాస్తా పదమూడవుతుంది. నాలుగు శాతం డబ్బు గాలిలోంచి పుడుతుంది. ఆ కోడ్ రాసినవాళ్లెవరో గానీ సైటు తెలిసినవాళ్లు. పొడవులో అరసెంటీమీటరు పోతే పోనీ, మందంలో పోనివ్వకూడదని వాళ్లకి తెలుసు. ఘనపరిమాణంలో మూడు కొలతలకీ సమాన హోదా లేదు. సన్నగా ఉన్న కొలతలోనే తప్పు బలుస్తుంది.

ఎం-బుక్ దాటి బజారుకొస్తే మళ్లీ మొదటికే. మా వైపు ఇసుక అడిగితే యూనిట్ అంటారు, అంటే వంద ఘనపు అడుగులు, 2.83 ఘనపు మీటర్లు. ప్రభుత్వ రీచ్ దగ్గరికి వెళ్తే టన్నులు. 2024లో ఆంధ్రప్రదేశ్ ఉచిత ఇసుక విధానం తెచ్చినప్పుడూ లెక్క టన్నుల్లోనే. ట్రాక్టరు అనే కొలత ఉండనే ఉంది, దాని సైజు తొట్టి గోడల మీద ఆధారపడుతుంది. రెడీమిక్స్ కాంక్రీటు ఘనపు మీటర్లలో. టేకు కలప ఘనపు అడుగుల్లో, అంటే బజారు మాటలో సీఎఫ్‌టీల్లో. తడి ఇసుక ఉబ్బుతుందన్న సంగతి దీనికి తోడు. నాలుగైదు శాతం తేమ ఉన్నప్పుడు ఇసుక పాతిక, ముప్పై శాతం దాకా పొంగుతుంది, పూర్తిగా నానిపోతే మళ్లీ పొడి ఇసుకంతే అవుతుంది. డ్రాయింగులో నుంచి తీసిన ఘనపరిమాణం పొడి ఇసుకది, లారీలో వచ్చింది తడిది. కాబట్టి టన్నుల్లో అమ్మడం ఒక రకంగా న్యాయమే అనిపిస్తుంది గానీ, తేమ కూడా బరువే కదా. ఇది సాఫ్ట్‌వేర్ తీర్చే తగువు కాదు.

ఆస్ట్రేలియాలో డ్రాయింగు అంకెలతో పాటు వస్తువుల సైజులూ మార్చారు. గోడలకు కొట్టే ప్లాస్టర్ బోర్డు వెడల్పు 1200 మిల్లీమీటర్లు అయింది. మన ప్లైవుడ్ ఇప్పటికీ ఎనిమిది అడుగులు, నాలుగు అడుగులు. మెట్రిక్‌లో రాయాలంటే 2440, 1220. అక్కడ రెండు షీట్లు పక్కపక్కన పెడితే 2400, గోడ కూడా 2400. ఇక్కడ నలభై మిల్లీమీటర్లు కోసి పారేయాలి, లేదా గోడనే అడుగుల్లో గీయాలి. అందుకే అడుగుల్లో గీస్తున్నారు, వాళ్లని తప్పు పట్టలేం. అలాగని ఆస్ట్రేలియావాళ్లు పాత వాసన పూర్తిగా వదిలించుకున్నారనీ కాదు. కోసిన కలప అక్కడ 2.4, 2.7, 3.0 మీటర్లు, ఇలా 300 మిల్లీమీటర్ల మెట్లలో అమ్ముతారు. 300 మిల్లీమీటర్లంటే ముసుగేసుకున్న అడుగు. మనిషి ఎత్తు అడిగితే ఇప్పటికీ చాలామంది అడుగుల్లోనే చెబుతారు. వాళ్లు పట్టుబట్టింది డ్రాయింగు, ఆర్డరు, బిల్లు ఈ మూడింటి దగ్గరే.

మనమూ ఇటుక విషయంలో ఒకసారి అలాంటి చక్కటి ఆలోచన చేశాం. ఐఎస్ 1077 చెప్పే మాడ్యులర్ ఇటుక 190, 90, 90. అతుకులో వేసే సిమెంటుతో కలిపి 200, 100, 100. అంటే ఘనపు మీటరు గోడకి సరిగ్గా 500 ఇటుకలు. ఘనపరిమాణం తెలిస్తే ఇటుకల లెక్క నోటితో చెప్పేయొచ్చు. ఇంజనీరింగ్ కాలేజీలో ప్రతివాళ్లూ ఈ 500 బట్టీపట్టి పరీక్ష రాస్తారు. బయటికొచ్చాక బట్టీ దగ్గర దొరికేది తొమ్మిదంగుళాల ఇటుక. ప్రమాణం రాసి ఊరుకోవడానికీ, తేదీ పెట్టి బట్టీలని కూడా కదిలించడానికీ ఉన్న తేడా ఇక్కడ కనిపిస్తుంది.

పెద్ద లెక్కల్లోకి పోదాం, నీళ్లు. ఆస్ట్రేలియాలో సాగునీటికి ఎకరా అడుగు పోయి మెగాలీటరు వచ్చింది. మెగాలీటరంటే వెయ్యి ఘనపు మీటర్లు, గిగాలీటరంటే పది లక్షల ఘనపు మీటర్లు. ముర్రే నది మీది హ్యూమ్ డ్యామ్ సామర్థ్యం సుమారు 3,005 గిగాలీటర్లు. ముర్రే డార్లింగ్ పరీవాహక ప్రాంతానికి 2012లో చేసిన ప్రణాళికలో పర్యావరణం కోసం ఏటా వెనక్కి తీసుకోవాలనుకున్న నీళ్లు 2,750 గిగాలీటర్లు. రైతుకి కేటాయింపు మెగాలీటర్లలో, ప్రభుత్వానికి లెక్క గిగాలీటర్లలో, ఇంజనీరు డ్రాయింగు ఘనపు మీటర్లలో. ఒకదాన్నుంచి ఒకదానికి పోవాలంటే చుక్క జరిపితే చాలు.

మనకి టీఎంసీ ఉంది. వందకోట్ల ఘనపు అడుగులు. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, నిల్వ 312 టీఎంసీలు, వరద క్యూసెక్కుల్లో, అంటే సెకనుకి ఘనపు అడుగుల్లో. కృష్ణా నీళ్లలో బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన 811 టీఎంసీలు చదువుకోనివాళ్లకి కూడా తెలుసు. ఈ భాషని తీసేయమని నేననను. యాభై ఏళ్ల తగవులూ తీర్పులూ అందులో ఉన్నాయి. కానీ ఇవాళ ఒక కొత్త రిజర్వాయరు గీసే ఇంజనీరు ఏం చేస్తాడు? కాంటూర్లు మీటర్లలో గీస్తాడు. సాఫ్ట్‌వేర్ ఇచ్చే నిల్వ ఘనపు మీటర్లలో వస్తుంది. కేంద్ర జల సంఘం బులెటిన్‌కి దాన్ని శతకోటి ఘనపు మీటర్లు చేస్తాడు, పత్రికలకి 0.028317తో భాగించి టీఎంసీలు చేస్తాడు. సాగర్ 312 టీఎంసీలు శతకోటి ఘనపు మీటర్లలో 8.83 అవుతుంది. హ్యూమ్ డ్యామ్ మన భాషలో 106 టీఎంసీలు, అంటే పులిచింతలకి రెండింతల పైచిలుకు.

ఇందులో ఒక చమత్కారం ఉంది. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ అని మన నీటిపారుదల శాఖలో ప్రతి ఒక్కరికీ కంఠతా వచ్చు. మెట్రిక్‌లో రోజంతా సెకనుకి 11.574 ఘనపు మీటర్లు పారితే ఒక గిగాలీటరు. అవే అంకెలు. రోజులో 86,400 సెకన్లు ఉండటం వల్ల పుట్టిన అంకె అది, అడుగుకీ మీటరుకీ దానితో పనిలేదు. మారితే పాత లెక్కలన్నీ మర్చిపోవాలన్న భయం కొంత ఉత్తదే.

ఆస్ట్రేలియా నుంచి మన డ్రాయింగ్ బల్లకి తెచ్చుకోగలిగింది మెట్రిక్ కాదు, అది మన దగ్గర ఉంది. తెచ్చుకోవాల్సింది వద్దని తేల్చిచెప్పే ధైర్యం. ఒక ఆఫీసు స్థాయిలో అయినా కొన్ని కుదురుతాయి. షీటు మీద పొడవులు మిల్లీమీటర్లలో, మట్టాలు మూడు దశాంశాల మీటర్లలో, ఇంకేదీ వద్దు. యజమాని అడుగుల్లో చూడాలంటే ఆయనకి వేరే షీటు ఇవ్వాలి, ఒకే షీటులో రెండూ కలపకూడదు. ఘనపరిమాణాన్ని బొమ్మ మీద ఎక్కడపడితే అక్కడ చల్లకుండా ఒక పట్టికలో పెట్టాలి. పట్టిక తలకట్టులో ఘనపు మీటర్లు అని ఒక్కసారి అక్షరాలా రాస్తే కింద అంకెలు మాత్రమే వస్తాయి. చిన్న 3 గొడవ అక్కడితో తీరిపోతుంది, ఫాంటు పోయినా అర్థం పోదు. ఇసుక యూనిట్లలోకి, టన్నుల్లోకి మార్చే పని ఎస్టిమేటులో, ఒక్కచోటే, గుణకం కనపడేలా జరగాలి. మార్పిడి గుణకాన్ని ఫీల్డు లోపల దాచడం నాకు నచ్చదు. దాన్ని ఎవరూ తెరిచి చూడరు. 37.5 ఘనపు అడుగుల్ని 0.3048తో గుణించి 11.43 ఘనపు మీటర్లని చూపే ఫీల్డు దర్జాగా షీటు మీద కూర్చుంటుంది. నిజానికి అది 1.06. పొడవు గుణకాన్ని ఘనానికి వాడిన తప్పు, పదింతలకు పైగా.

బయటినుంచి వచ్చిన ఫైలు చేతికొస్తే దాని కొలమానం తేల్చుకోవడానికి ఒక చిట్కా ఉంది. మీటరు భుజం ఉన్న ఘనాన్ని మిల్లీమీటర్ల ఫైల్లో, ఇన్స్‌యూనిట్స్ 4 పెట్టి, ఒక బ్లాకుగా గీసి దాచుకోవాలి. వచ్చిన ఫైల్లో దాన్ని ఒక మూల ఇన్సర్ట్ చేసి, విడగొట్టి, మాస్‌ప్రాప్ కొట్టాలి. వందకోట్లు చూపిస్తే ఆ ఫైలు మిల్లీమీటర్లనుకుంటోంది. 1 చూపిస్తే మీటర్లు. 35.31 చూపిస్తే అడుగులు. 61,023 చూపిస్తే అంగుళాలు. ఇది లేబుల్‌కి మాత్రమే పరీక్ష. గీసినవాడు ఆ లేబుల్‌నే నమ్మి గీశాడో లేదో ఇంకా తెలియదు. అందుకని ఆ ఘనాన్ని జరిపి ఏదైనా బెడ్‌రూమ్ తలుపు పక్కన పెట్టి చూడాలి. తొమ్మిది వందల తలుపు ఘనం కంటే కాస్త ఇరుకుగా కనపడాలి. తలుపు ఘనాన్ని మింగేసేంత పెద్దదిగా ఉన్నా, ఘనం అడుగున చీమలా ఉన్నా, ఎస్టిమేటు పక్కన పెట్టి ఆ ఫైలు పంపినవాళ్లకి ఫోన్ చేయాలి.